అందుకోని రొట్టె

రొట్టె పళ్ళెం తబిత దగ్గరకు వచ్చేసరికి సగం ఖాళీ అయింది.

నెలలో మొదటి ఆదివారం. బాప్టిస్టు మందిరంలో ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద, మగవాళ్ళు కుడివైపు. పళ్ళెం చేతి నుంచి చేతికి వస్తుంది. ఎవరికి వారు ఒక ముక్క తీసుకుని అరచేతిలో పెట్టుకుని కూర్చోవాలి. అందరికీ అందాక, పాస్టరుగారు చెప్పినప్పుడు, అందరూ ఒక్కసారే నోట్లో పెట్టుకోవాలి. కాపురానికి వచ్చిన నాటి నుంచి తబిత ఏ మొదటి ఆదివారమూ ఆ ముక్క మానలేదు. ఒళ్ళు కాలిపోయే జ్వరంతో కూడా వచ్చి తీసుకుంది. చంటిపిల్లాణ్ణి భుజాన వేసుకుని తీసుకుంది.

ఆ రోజు పళ్ళేన్ని రెండు చేతులతోనూ పట్టుకుంది. తెల్లగుడ్డ మీద తుంచిన ముక్కల్ని చూసింది. గుటక వేస్తే మెడ మీద ఆపరేషన్ మచ్చ లాగింది. తర్వాత పళ్ళేన్ని పక్కనున్న సువార్తమ్మకు అందించేసింది.

సువార్తమ్మ పళ్ళెం కంటే ముందు తబిత చేతుల్లోకి చూసింది. చేతులు ఖాళీ. ఏంటన్నట్టు కళ్ళెగరేసింది. తబిత కళ్ళు మూసుకుని తల దించేసుకుంది. ద్రాక్షరసం వచ్చినప్పుడూ అంతే.

అంతే, ఇంకేం కావాలి! ఆ ఊళ్ళో ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టే రసమూ, తీసుకోని మనుషులు రెండే రకాలు. పాపంలో ఉన్నవాళ్ళు, పగలో ఉన్నవాళ్ళు. మూడో రకం ఉండొచ్చని ఎవరికీ తోచదు. తబితకు పాపం అంటగట్టడానికి సువార్తమ్మకే నోరు రాలేదు. ఇల్లూ, కుట్టుమిషనూ, మందిరమూ తప్ప నాలుగో చోటు తెలియని మనిషి. ఇక మిగిలింది పగ. అదెవరి మీదో ఊరందరికీ తెలిసిందే. ఆ రొట్టె చేసి తెచ్చింది ఎవరు? పాపాయమ్మ. తబితకు స్వయానా తోడికోడలు. గోడకు అటూ ఇటూ కాపురాలు. రెండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

"తోడికోడలు చేతి రొట్టె ముట్టనని దేవుడి ముందే తేల్చిపారేసిందమ్మా!" అంది సువార్తమ్మ, చెప్పులు వేసుకుంటూనే.

నిజానికి అప్పుడు తబిత మనసులో పాపాయమ్మ లేదు. పగా లేదు. ఉప్పు ఉంది.

వేసవిలో ఆమె గొంతులోని థైరాయిడ్ గ్రంథి తీసేశారు. అందులో ఉన్నది క్యాన్సరని ఆమెకూ భర్త శ్యాంబాబుకూ తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియదు. రాజమండ్రి హాస్టల్లో ఉన్న కొడుక్కి కూడా పరీక్షలయ్యాక చెబుదామనుకున్నారు. థైరాయిడంటే జనం "మా అత్తగారికీ ఉందండి, పొద్దున్నే మాత్రేసుకుంటారు" అని వెళ్ళిపోతారు. క్యాన్సరంటే వెళ్ళరు, కూర్చుంటారు. మొహంలోకి చూస్తూ కూర్చుంటారు. ఆ కూర్చోవడాన్ని తబిత భరించలేదు.

శుక్రవారం నాడు విశాఖపట్నంలో అయోడిన్ మందు ఇస్తారు. దానికి రెండు వారాల ముందు నుంచీ పథ్యం. ఆస్పత్రిలో పథ్యం చెప్పే అమ్మాయి చక్కగా విడమరిచి చెప్పింది. "ఆ జబ్బు కణాలు ఎక్కడైనా ఒకటీ అరా మిగిలున్నాయనుకోండి, వాటికి అయోడిన్ కావాలండి. తిండిలో అది దొరక్కుండా మాడ్చామంటే, మేమిచ్చే మందుని ఆబగా తినేస్తాయి. ఆ మందే వాటిని చంపేస్తుంది. ముందే కడుపు నిండిపోతే మందు ముట్టుకోవు కదండీ?" అందుకని అయోడిన్ కలిపిన ప్యాకెట్ ఉప్పు వద్దు. సముద్రపుప్పూ వద్దు. చేపా రొయ్యా, పాలూ పెరుగూ, గుడ్డులో పచ్చసొనా, బేకరీ రొట్టే, ఎర్రరంగు కలిపిన పానీయాలూ వద్దు. "తేడా వచ్చిందంటే తేదీ వెనక్కెళ్ళిపోద్దండి" అని కూడా అంది.

తేదీ వెనక్కి వెళ్ళడమంటే ఏమిటో తబిత ఒంటికి తెలుసు. ఈ మందు కోసమే థైరాయిడ్ మాత్ర ఆపించారు. ఆపిన దగ్గర్నుంచీ మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది, ఎండలో నిలబడ్డా చలి. సూదిలోకి దారం ఎక్కించబోతే దారం ఒకచోట, సూది ఒకచోట. మిషను మీద సగం కుట్టిన జాకెట్టు అలాగే పడి ఉంది. ఇదంతా మళ్ళీ మొదటి నుంచి పడమంటే పడలేదు. పైగా, లోపల మిగిలిందేదో అన్నాళ్ళూ ఊరుకుంటుందా? రొట్టె ముక్క వైపు చూసినప్పుడు ఆమె ఆలోచించింది ఇదే. బేకరీ రొట్టె కూడదన్నారు, ఇదీ రొట్టేగా!

శ్యాంబాబు మంచివాడు. రావులపాలెం అరటి మార్కెట్‌లో గెలలు లారీకెత్తే పని. గెలను చంటిబిడ్డలా ఎత్తుకోగలడు గానీ, పోపు వేయమంటే గరిటె ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. సైంధవ లవణమైతే పరవాలేదని ఎవరో అంటే వెతికి వెతికి ఒక ప్యాకెట్ తెచ్చాడు. ఇంటికొచ్చి చూస్తే దాని వెనకాల కూడా అయోడిన్ కలిపామని చీమ తలకాయంత అక్షరాలతో రాసి ఉంది. ఆ దెబ్బతో తబిత ఉప్పు అనేదాన్నే మానేసింది.

ఆదివారం మధ్యాహ్నం అతను బీరకాయ ఉడికించి పెట్టాడు. అది కూర అని అతను చెబితే నమ్మాలి. తబిత రెండు ముద్దలు తిని కంచం పక్కకు జరిపింది.

"తినాలి తబితా. నీరసపడితే ఎలా చెప్పు?"

"లోపలికి పోవట్లేదండీ. గడ్డి నమిలినట్టుంది."

"పోనీ అరటిపండు?"

ఆ వారమంతా ఆమె బతికింది అరటిపళ్ళ మీదే. చేతికందే దూరంలో చక్రకేళీ పళ్ళ అత్తం పెట్టి అతను పనికి పోయేవాడు.

సోమవారం పొద్దున స్త్రీల సమాజం ప్రెసిడెంటు ప్రిస్కిల్లా టీచరుగారు వచ్చింది. కుర్చీ లాక్కుని, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, గొంతు తగ్గించి అడిగింది.

"నాతో చెప్పమ్మా. మనసులో ఎవరి మీద ఏం పెట్టుకున్నావు?"

"ఎవరి మీదా లేదండి" అంది తబిత బొంగురు గొంతుతో.

"ఎవరి మీదా లేకపోతే ముట్టకుండా పంపిస్తావేంటమ్మా! అర్పణం అక్కడే పెట్టేసి, ముందెళ్ళి పగున్నవాళ్ళతో సమాధానపడమని ప్రభువే అన్నారు కదా?"

చెప్పేద్దామని తబిత నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క మాటా అనగానే టీచరుగారి మొహం ఎలా మారిపోతుందో తలచుకుని మింగేసింది. తల అడ్డంగా ఊపింది. టీచరుగారు ఆ ఉబ్బిన మొహాన్నీ, వాచిన కళ్ళనూ జాలిగా చూసి, చిన్న ప్రార్థన చేసి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి ఊళ్ళో కబురు ఇంకో అంతస్తు లేచింది. "పాపం తబిత రాత్రీ పగలూ ఏడుస్తుందంట. మొహం చూడండి, కుండలా అయిపోయింది!" గొంతు పోయేలా ఏడ్చిందని కూడా చేర్చారు. ఎదుటి మనిషి రోగాన్ని దుఃఖమనుకోవడం లోకానికి కొత్తేం కాదు.

మంగళవారం పదకొండు గంటలప్పుడు పాపాయమ్మ వచ్చింది. పక్కిల్లే కాబట్టి పెరటి దారిన రావచ్చు. అలా రాలేదు. వీధి తిరిగి, పదిమందీ చూస్తుండగా, ముందు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఉతికిన చీర కట్టుకుంది, తల దువ్వుకుంది. చేతులు మాత్రం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు మెలి తిప్పుతూ ఉంది.

"లోపలికి రమ్మంటావా, ఇక్కణ్ణుంచే చెప్పి పోనా?"

చాప మీద పడుకున్న తబిత మోచేతి మీద లేవబోయి లేవలేకపోయింది. "రా అక్కా" అంది. గొంతు ఎవరిదో అన్నట్టు ఉంది. పాపాయమ్మ ఆ గొంతు విని రెండడుగులు వేసి ఆగింది.

"నన్ను చెప్పనీ. మధ్యలో ఆపావంటే మళ్ళీ చెప్పలేను." ఆవిడ గోడ వైపు చూస్తూ మొదలుపెట్టింది. "మా పిల్ల పెళ్ళికి నువ్వు కుట్టిన జాకెట్టు. చంకలో బిగిసిపోయింది, కొలత తెలీని కుట్టు అని వియ్యాలవారి ముందు అన్నాను. నీ ముందే టౌను టైలరుకి పంపించాను. నీ కుట్టులో తప్పేం లేదే. పిల్లే ఒళ్ళు చేసింది. పెళ్ళికూతురు లావెక్కిందని వాళ్ళ ముందు అనలేక నీ మీదికి తోసేశాను. ఆ మర్నాడే వచ్చి చెప్పాల్సింది. రేపూ రేపూ అనుకుంటూ రెండేళ్ళు చేశాను. నీ ఆపరేషనుకి కూడా రాలేదు. నా చేతి రొట్టె నీకు చేదైపోయిందంటే అవదా మరి! క్షమించు తబితా."

తబిత రెండేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. కుట్టుమిషను తొక్కుతూ ఎన్నిసార్లో మనసులో వినిపించుకున్న మాట. వింటే కడుపు చల్లబడుతుందనుకుంది. తీరా విన్నాక సిగ్గేసింది. తాను చేయని అలకకు ఈవిడ వీధంతా తిరిగి వచ్చి తల వంచుతోంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ ఊరుకోవడం ఎలా?

"అక్కా, నేను బల్ల తీసుకోంది నీ మీద కోపంతో కాదు."

"మరి?"

"ఉప్పు భయంతో."

పాపాయమ్మ గోడ మీంచి చూపు ఇటు తిప్పింది. తబిత మొత్తం చెప్పింది. గొంతు ఆగినచోట ఆగి, మళ్ళీ అందుకుని, ఆపరేషనూ, అసలు జబ్బు పేరూ, మాత్ర ఆపడమూ, శుక్రవారమూ, పథ్యమూ. జబ్బు పేరు విన్నచోట పాపాయమ్మ నేల మీద చతికిలబడింది. మొహంలోకి చూస్తూ కూర్చోలేదు. చాప దగ్గరకు జరిగి తబిత పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని రుద్దడం మొదలుపెట్టింది. ఆ పాదం మంచులా ఉంది.

"గోడకి ఇవతల నువ్విలా ఉంటే అవతల నేను వేపుళ్ళు వేయించుకు తింటున్నానా? సిగ్గులేని బతుకు నాది. అయినా నీకు మాత్రం ఒక్క కేక వెయ్యడానికేం? రెండేళ్ళు మాట్లాడకపోతే చచ్చినా మాట్లాడకూడదా?" ఏడుస్తూనే తిట్టింది. కాసేపటికి ఏదో తట్టి చెయ్యి ఆపింది. "ఉండు. అంటే నా వల్ల కాదన్నమాట. నేను ఊరికే వచ్చి క్షమాపణ చెప్పేశానన్నమాట!"

"వెనక్కి ఇచ్చెయ్యనా అక్కా?"

"ఇచ్చింది ఉంచుకో! ఇవ్వడానికే నాకు రెండేళ్ళు పట్టింది" అని కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇంతకీ ప్రభువు రొట్టెలో ఉప్పెవరేస్తారే?"

"వెయ్యవా?"

"మా అత్తగారు, అదే, మన అత్తగారు నేర్పిన పద్ధతి. గోధుమలు కడిగి ఆరబెట్టి మరపట్టించడం, నీళ్ళు పోసి పిసకడం, కాల్చడం. ఉప్పు లేదు, పులుపు లేదు, పాలచుక్క లేదు. దానికి పెనం కూడా వేరే. నీకు తెలీదూ?"

తబితకు తెలియదు. ఆ పని ఎప్పుడూ పెద్దకోడలిదే. ఊళ్ళో వండిన తిండి అంతటిలోనూ తాను భయం లేకుండా తినగలిగింది ఆ ఒక్క రొట్టే అన్నమాట. దాన్నే ఏరి కోరి పక్కకు నెట్టింది. నవ్వు వచ్చింది. నవ్వితే గొంతు నొప్పి పుట్టింది, అయినా నవ్వింది.

మధ్యాహ్నం శ్యాంబాబు వచ్చి, వంటింట్లో వదినను చూసి, తన ఇల్లు కాదేమోనని గుమ్మంలోనే ఆగాడు. సంగతి విని, ముందు ఆస్పత్రి అమ్మాయికి ఫోన్ చేశాడు. "ఆయ్, వట్టి గోధుమపిండీ నీళ్ళేనండి. ఆయ్, నూనె కూడా లేదండి." అవతల నుంచి ఆ అమ్మాయి హాయిగా పెట్టుకోమంది. అతను ఫోన్ జేబులో పెట్టుకుని కళ్ళొత్తుకున్నాడు. ఎందుకో అతన్నెవరూ అడగలేదు.

పాపాయమ్మ తన పెనం, పీట, పిండి డబ్బా తెచ్చుకుని తబిత వంటింట్లో కూర్చుంది. పిండిని మెత్తటి గుడ్డలో జల్లించింది. మరిగించి చల్లార్చిన నీళ్ళు చారెడు చారెడే పోస్తూ కలిపింది. అరచేతి మొదలుతో నొక్కి, మడిచి, మళ్ళీ నొక్కింది. ముద్ద చెవి తమ్మెలా మెత్తబడేదాకా ఊరుకోలేదు. తడిగుడ్డ కప్పి నాననిచ్చి, అప్పుడు ఒత్తింది. పెనం మీద వేశాక గుడ్డ ఉండతో అంచులు అదిమితే రొట్టె ఉబ్బి, నిట్టూర్చి, దిగింది. పని జరిగినంతసేపూ ఆవిడ మాట్లాడలేదు. అది పద్ధతి. వాగకుండా ఆవిడ అంతసేపు ఉండడం తబిత అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

"ఇది ప్రార్థన చేసిన రొట్టె కాదు, నువ్వు తినే రొట్టె. కాబట్టి ఎన్నయినా తిను" అంది ఆఖరి దాన్ని తీసి.

కూర కూడా ఆవిడ చేతిలో దారికొచ్చింది. ఎండుమిరపకాయలు, ధనియాలు, జీలకర్ర వేయించి, వెల్లుల్లి వేసి పొడి కొట్టింది. వంకాయలో చింతపండు పులుసు పోసి, కొబ్బరి దట్టించి, దించాక నిమ్మకాయ పిండింది. తనకూ ఒక కంచం పెట్టుకుని అదే కూర కలుపుకుంది. మొదటి ముద్దకే మొహం వంకర తిరిగింది గానీ మింగింది.

"నువ్వు ఉప్పేసుకో అక్కా."

"నోర్మూసుకుని తిను." ఇంకో ముద్ద మింగింది. "ఉప్పూకారం తినే ఒంటికి రోషమంటారు. నువ్వు ఉప్పు మానేసున్నావు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఇవాళ నన్ను గుమ్మంలోంచే తరిమేసేదానివి."

తబిత రెండు రొట్టెలు తింది. కంచంలో పులుసు కూడా మిగల్చలేదు. కడుపు నిండి ఎన్నాళ్ళయిందో! ఒంట్లోకి వెచ్చదనం దిగుతుంటే, దేవుడా, నువ్వు చల్లగా ఉండాలి అని ఆయనకే దీవెన పెట్టేసింది.

"సువార్తమ్మకి చెప్పెయ్యనా?" అంది పాపాయమ్మ గిన్నెలు కడుగుతూ.

"జబ్బు పేరా?"

"పేరు చెప్పకపోతే వాళ్ళు ఇంకోటి పెడతారే."

తబిత తన కంచం ఆవిడ వైపు జరిపింది. "చెప్పు. కానీ ఎవరూ వచ్చి నా మొహం చూస్తూ కూర్చోకూడదు."

పాపాయమ్మ కబురుతో పాటు ఆజ్ఞ కూడా వేసినట్టుంది. బుధవారం గుమ్మంలోకి వచ్చినవాళ్ళెవరూ కూర్చోలేదు. వండినవేవీ తేలేదు. లేత కొబ్బరిబొండాలు, పెరటి బెండకాయలు, కరివేపాకు, ఎవరి చెట్టుదో పనసతొన. సువార్తమ్మ కొంగునిండా నిమ్మకాయలు తెచ్చి, తబిత మొహంలోకి చూడకుండా గుమ్మం పక్కన పోసి, "మా చెట్టువే. పుల్లగా ఉంటాయి" అని చెప్పి గబగబా వెళ్ళిపోయింది. తబితకు ఆవిడ మీద కోపం రాలేదు. అన్ని నిమ్మకాయలు ఒక్కొక్కటీ కోసి తెచ్చిన మనిషి మీద కోపం ఎలా వస్తుంది?

గురువారం మూడింటికి బయల్దేరాలి. రావులపాలెంలో విశాఖ బస్సు ఎక్కాలి. గుమ్మంలో రెండు సంచులున్నాయి. ఒకటి తబితది, ఒకటి పాపాయమ్మది.

"మందిచ్చాక గదిలో నన్నొక్కదాన్నే ఉంచుతారక్కా. ఎవర్నీ రానివ్వరు. మీ మరిది వస్తున్నారుగా, నువ్వెందుకు?"

"గది బయట కూడా ఉండకూడదన్నారా? మందిచ్చేదాకా నీకు రొట్టె ఎవరు చేస్తారు, మీ ఆయనా? బయల్దేరు."

శ్యాంబాబు తెలిసినవాళ్ళ ఆటో తీసుకొచ్చాడు. సంచులు అందులో సర్దుతుండగా పాస్టరు యెహెజ్కేలుగారు సైకిలు మీద వచ్చారు. చెమట తుడుచుకుని, సంచీలోంచి చిన్న స్టీలు డబ్బా, సీసా తీశారు.

"ఆదివారం బల్ల తప్పిపోయావు కదమ్మా. ప్రయాణానికి ముందు ఇచ్చి పంపుదామని వచ్చాను. రొట్టె నిన్న పాపాయమ్మ చేసిచ్చిందే. రసం మా ఇంట్లో ద్రాక్షపళ్ళు ఉడికించి తీసింది, రంగేం కలపలేదు."

తబిత ముసుగు సర్దుకుని చాప మీద కూర్చుంది. పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. డబ్బా మూత తీసి, రొట్టెను విరిచి రెండు ముక్కలు పళ్ళెంలో పెట్టారు.

"నేనొక్కదాన్నేగా అయ్యగారూ?" అంది తబిత.

ఆయన పాపాయమ్మ వైపు తిరిగారు. పాపాయమ్మ అప్పటికే సర్దేసిన సంచీ జిప్పును మళ్ళీ లాగుతోంది.

"నీకు తెలీదా అమ్మా? ఆవిడా తీసుకోలేదు. ముక్క చేతిలో పట్టుకుని కూర్చుంది. నువ్వు పళ్ళెం పంపెయ్యడం చూసి, లేచొచ్చి తన ముక్క బల్ల మీద పెట్టేసి వెళ్ళి కూర్చుంది. నువ్వు కళ్ళు మూసుకుని ఉన్నావు."

తబిత పాపాయమ్మ చేతుల వైపు చూసింది. ఊరంతా తన ఖాళీ చేతుల్నే చూసింది. తానూ తన చేతుల్నే చూసుకుంది. ఆ రొట్టెను పిసికి కాల్చి తెచ్చిన మనిషి కూడా ఆ రోజు ఖాళీ చేతులతోనే ఇంటికి పోయింది.

"ఎందుకక్కా?"

"ఎందుకేంటి?" పాపాయమ్మ ఇటు తిరగకుండానే కసురుకుంది. "గోడకివతల నువ్వు తినకుండా ఉంటే నాకెలా దిగుద్దే?"

తర్వాత వచ్చి తబిత పక్కన, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని చెయ్యి చాపింది. ఇద్దరికీ చెరో ముక్కా ఇచ్చి, పాస్టరుగారు చెప్పవలసిన మాట చెప్పారు. ఇద్దరూ ఒక్కసారే నోట్లో పెట్టుకున్నారు. తబిత నములుతుంటే గోధుమ తియ్యగా తగిలింది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

పాపాయమ్మ చూసి, తన కొంగుతో గబగబా ఆమె చెంపలు ఒత్తేసింది.

"నోట్లోకి పోనివ్వకే పిచ్చిమొహమా. అదీ ఉప్పే!"